నాటిక రాశాక ఏం చేయాలి? గుంటూరు, బెజవాడ కొత్త రచయితలు తరచుగా అడిగే ప్రశ్నలు

నాటికలు రాయడం మొదలుపెట్టినవాళ్లు నాటక పోటీలు జరిపే పరిషత్తుల దగ్గర, రిహార్సల్ గదుల్లో, రాత్రిపూట ఫోన్లలో నన్ను అడిగే ప్రశ్నలివి. నా నాటికలు ఆడినవాళ్లంతా పగలు ఉద్యోగమో, షాపో, సేద్యమో చూసుకుని సాయంత్రాలు నాటకానికి ఇచ్చే నాటక సమాజాలవాళ్లు. అందుకే సినిమా, టీవీ సంగతులు ఇందులో ఉండవు. నేను చెప్పేవన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి. నాటికను సమాజం చేతిలో పెట్టాక కూడా రచయిత దానితో నడవాలి. రాసిచ్చి ఊరుకుంటే నాటికా పాడవుతుంది, సమాజమూ ఇబ్బంది పడుతుంది.

మొదటి నాటిక పూర్తయింది. ఎవరికి ఇవ్వాలి?

ఇచ్చే ముందు చూడండి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండాకాలం దాకా మన చుట్టూ ఎక్కడో ఒకచోట పరిషత్తు జరుగుతూనే ఉంటుంది. బెజవాడలో తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రం, గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం ఉన్నాయి. గుంటూరులో శ్రీ వెంకటేశ్వర విజ్ఞాన మందిరం, బృందావన్ గార్డెన్స్ గుడి దగ్గరి అన్నమయ్య కళావేదిక ఉన్నాయి. ఇంకాస్త దూరం వెళ్లగలిగితే తెనాలి, యడ్లపాడు, పల్లెకోన. చాలాచోట్ల టికెట్ ఉండదు. ఒక సాయంత్రం మూడు నాటికలు వరసగా చూస్తే ఏ దర్శకుడికి ఏ కథ నప్పుతుందో తెలిసిపోతుంది. ఒకాయన నటుల్ని ఏడిపించి హాలును కూడా ఏడిపిస్తారు. ఇంకొకాయన ఇద్దరు మనుషుల్ని చెరో కుర్చీలో కూర్చోబెట్టి, మాటల మీదే నాటికంతా నడుపుతారు. మీ నాటిక ఎవరి చేతిలో బతుకుతుందో మీకే అర్థమవుతుంది.

ఆ దర్శకుణ్ణి కలిసి, "మాస్టారూ, ఒక గంట టైమ్ ఇస్తే చదివి వినిపిస్తాను" అని అడగండి. వాట్సాప్‌లో ఫైలు పంపితే తెరిచి చదివేవాళ్లు తక్కువ. మన సమాజాల్లో స్క్రిప్టును విని ఎంచుకోవడమే అలవాటు. చదివేటప్పుడు నటించకండి. పాత్ర పేరు చెప్పండి, మాట చెప్పండి, ముందుకు వెళ్లండి. వినేవాళ్లు ఎక్కడ టీ తాగడం ఆపారో, ఎక్కడ ఫోను చూసుకున్నారో గుర్తుపెట్టుకోండి. వాళ్లు తర్వాత చెప్పే అభిప్రాయం కన్నా అది నమ్మదగింది.

ఒకే నాటికను ఒకేసారి ఇద్దరికి ఇవ్వచ్చా?

వద్దు. రెండు సమాజాలూ అదే సీజన్లో అదే పరిషత్తుకు ఎంట్రీ పంపితే ముందు పోయేది మీ మాట. ఒకరికే ఇవ్వండి, కానీ గడువు పెట్టి ఇవ్వండి. "దసరాకి రిహార్సల్స్ మొదలుకాకపోతే వేరేవాళ్లకు ఇస్తాను" అని మొదటిరోజే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పకుండా వెనక్కి తీసుకుంటేనే గొడవ.

ఎన్ని పేజీలు రాయాలి?

పేజీలు లెక్కపెట్టకండి, గడియారం పెట్టుకుని పైకి చదవండి. నాటిక పోటీల్లో మామూలుగా 45 నుంచి 60 నిమిషాలు ఇస్తారు. ఎవరి నిబంధనలు వాళ్లవి, కాబట్టి బ్రోచర్ చదువుకోవాలి. ఇంట్లో చదివితే 40 నిమిషాలు వచ్చిన స్క్రిప్టు వేదిక మీద 50 దాటుతుంది. లైటు ఆరి వెలగాలి, మనిషి లోపలికి వెళ్లి చొక్కా మార్చుకుని రావాలి, సంగీతం వినపడాలి, ప్రేక్షకులు చప్పట్లు కొడితే నటుడు ఆగాలి. ఆ ఖాళీ మీరే వదలాలి. సమయం దాటితే మార్కులు పోతాయి. అంతకన్నా నష్టం ఏమిటంటే, టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో నటులు చివరి సీను పరిగెత్తిస్తారు. మీరు నెలలు కూర్చుని రాసుకున్న చివరి సీను అదే.

పాత్రలు ఎన్ని ఉండాలి? ఆడపాత్రలు తగ్గించమంటున్నారు, నిజమేనా?

అయిదారు పాత్రలుంటే ఏ సమాజమైనా ధైర్యంగా తీసుకుంటుంది. పది ఉంటే రిహార్సల్‌కు పదిమందీ ఒక్కరోజు కూడా కలవరు. ఒకరికి నైట్ డ్యూటీ, ఒకరింట్లో పెళ్లి, ఇంకొకరికి ఆడిట్. ఈ సంగతి తెలిసి రాయడం రాజీ పడటం కాదు. ఎవరికోసం రాస్తున్నామో వాళ్ల బతుకు తెలుసుకుని రాయడం.

ఆడపాత్రల ప్రశ్న వేరు, దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. నాటికల్లో వేసే నటీమణులు తక్కువమంది. ఒక్కొక్కరు అయిదారు సమాజాలకు పనిచేస్తారు. వాళ్ల డేట్స్ దొరకాలి, పారితోషికం ఇవ్వాలి, రానూపోనూ చార్జీలు, బస చూడాలి. అందుకని దర్శకులు "ఒక్క లేడీ క్యారెక్టర్‌తో సరిపెట్టండి" అంటారు. ఖర్చు లెక్క నిజమే, ఒప్పుకుంటాను. అయితే ఆ ఒక్క పాత్రనూ కాఫీ తెచ్చి, చివర్లో ఏడ్చే తల్లిగా రాసేస్తున్నారు. నేను దీనికి ఎప్పుడూ ఒప్పుకోను. రాత్రి బస్సెక్కి, రిహార్సల్ చేసి, మేకప్ వేసుకుని వేదిక ఎక్కే మనిషికి ఆ ప్రయాణానికి తగిన పాత్ర ఇవ్వాలి. ఒక్కటే ఆడపాత్ర ఉంటే కథలో నిర్ణయం ఆమె చేతిలో పెట్టి చూడండి. నాటిక స్వరూపమే మారుతుంది.

మన ప్రాంతంలోనే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు ఆడవేషాలు వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వేదిక మీదికి ఆడవాళ్లు రావడానికి లోకం ఒప్పుకోని రోజుల్లో ఆయన అంత గొప్పగా ఆ పాత్రలు పోషించారు. ఈరోజు ఆడవాళ్లు వస్తున్నారు, పాత్రలే చిన్నవైపోయాయి. ఇది రచయితలం సరిచేయాల్సిన విషయం.

సెట్టు గురించి రచయిత ఆలోచించాలా? అది దర్శకుడి పని కదా?

మొదట ఆలోచించాల్సింది మీరే. సమాజం సెట్టంతా వ్యానులో వేసుకుని వెళుతుంది. ముందు నాటిక అయిపోయిన కాసేపట్లోనే దాన్ని నిలబెట్టాలి, మన నాటిక కాగానే అంత త్వరగా విప్పాలి. ఒక ఊళ్లో వేదిక వెడల్పుగా ఉంటుంది, ఇంకో ఊళ్లో సగమే ఉంటుంది. మూడు ఇళ్లు, ఒక రైల్వే స్టేషన్ రాస్తే అవి కాగితం మీదే ఉండిపోతాయి. ఒకే చోటు, ఒక తలుపు, రెండు కుర్చీలు, ఒక మంచం చాలు. వాటితో ఎంత కథ చెప్పగలరో చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన తర్వాత ఒక నాటిక రాశాను. వేదిక మీద వరద ఎలా చూపిస్తారని వినగానే అందరూ అడిగారు. వరద చూపించలేదు. నీళ్లు తీశాక ఇంటికి తిరిగొచ్చిన కుటుంబం కథ అది. గోడ మీద ఛాతీ ఎత్తున ఒక బురద గీత గీయించాం, అంతే. ఇంట్లోవాళ్లు సామాన్లు కడుక్కుంటూ మాట్లాడుకుంటారు. ఆ గీతను ఎవరూ ప్రస్తావించరు, చివరిదాకా తుడవరు కూడా. బెజవాడలో ఆడినప్పుడు తెర లేవగానే హాల్లో కొంతమంది "అయ్యో" అనడం విన్నాను. అప్పటికి ఒక్క మాట కూడా పలకలేదు. ఆ ఆలోచన స్క్రిప్టులోనే ఉండబట్టి దర్శకుడికి పెయింటు డబ్బా ఖర్చు తప్ప వేరే ఖర్చు రాలేదు.

మైకుల సంగతేమిటి?

చాలా వేదికల మీద పైన వేలాడే మైకులు, కింద పెట్టే మైకులే ఉంటాయి. గుసగుసలు వినపడవు. అతి ముఖ్యమైన మాటను మంచం మీద పడుకున్న పాత్ర చేత చెప్పించకండి.

రిహార్సల్స్‌కు వెళ్లాలా? వెళితే దర్శకుడు ఇబ్బంది పడరా?

వెళ్లాలి. మొదటి రీడింగ్‌కు, మధ్యలో ఒకసారి, చివర్లో ఆపకుండా మొత్తం వేసి చూసుకునే రోజుకు తప్పకుండా వెళ్లండి. మిగతా రోజులు వాళ్లను వాళ్ల పని చేసుకోనివ్వండి.

మన రిహార్సల్స్ రాత్రి ఎనిమిది తర్వాత మొదలవుతాయి. స్కూలు గది, ఎవరిదో షాపు పైన మేడ, గుడి మండపం, ఏది దొరికితే అది. బ్యాంకు నుంచి ఒకరు, ఆర్టీసీ డ్యూటీ దిగి ఒకరు, ట్యూషన్ చెప్పి ఒకరు వస్తారు. అలసిపోయి వచ్చినవాళ్లు పది నిమిషాల్లో మీ పాత్రలుగా మారిపోవడం దగ్గరుండి చూడండి. వాళ్ల మీద గౌరవం దానంతటదే పెరుగుతుంది, రాసే పద్ధతి కూడా మారుతుంది.

అక్కడ పాటించాల్సింది ఒకటే. నటుడికి నేరుగా ఏమీ చెప్పకండి, చెప్పాల్సింది విరామంలో దర్శకుడికి చెప్పండి. ఇద్దరి మాటలు విన్న నటుడు ఎవరి మాటా వినలేడు. మీరు చేయాల్సింది పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవడం. ఒకే మాట దగ్గర ఒకే నటుడు మూడు రోజులు తడబడితే దోషం మీ వాక్యంలోనే ఉంది. చదువుకోవడానికి బాగుండే వాక్యం నోటికి రాకపోవచ్చు. దాన్ని రెండుగా విరవండి, లేదా ఆ నటుడు రోజూ మాట్లాడే తీరులో తిరగరాయండి. పల్నాడు నుంచి వచ్చిన నటుడి తెలుగు, తెనాలి నటుడి తెలుగు ఒకటి కాదు. తండ్రీకొడుకులుగా వేసేవాళ్లు రెండు రకాలుగా మాట్లాడుతుంటే రీడింగ్ రోజే చూసుకుని సర్దండి.

దర్శకుడు నా మాటలు మార్చేస్తున్నారు. ఏం చేయను?

అన్ని మార్పులూ ఒకటి కావు. నటుడి నోటికి అందేలా మాట మార్చడం మంచిదే. సాగుతున్న సీను కుదించడం కూడా మంచిదే, చాలాసార్లు దర్శకుడే రైటు. పేలుతుందని ఒక జోకు కలిపితే, అది ఆ పాత్ర అనే మాటేనా అని అడగండి. ముగింపు మారిస్తే మాత్రం ఊరుకోకండి.

ఒక సమాజం నా నాటిక ముగింపును నాకు చెప్పకుండా మార్చింది. నేను రాసినదాంట్లో కొడుకు తిరిగి రాడు, తండ్రి పొలం కౌలుకిచ్చి తన దారి తాను చూసుకుంటాడు. వాళ్లు ఆడినదాంట్లో కొడుకు పరిగెత్తుకొచ్చి కాళ్ల మీద పడ్డాడు. చప్పట్లు మోగాయి. ప్రేక్షకుల్లో కూర్చుని చూశాను, బాధేసింది. ఆ రాత్రి వేదిక దగ్గర ఏమీ అనలేదు. రెండోరోజు దర్శకుడి ఇంటికి వెళ్లి, కొడుకు వస్తే అంతకుముందు ముప్పావుగంట తండ్రి పడ్డ కష్టానికి అర్థమేమిటని అడిగాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. తర్వాతి ప్రదర్శన నుంచి నా ముగింపే ఆడారు. చప్పట్లు కాస్త తగ్గాయి. కానీ బయటికొచ్చినవాళ్లు చెట్టు కింద నిలబడి ఆ తండ్రి చేసింది రైటా తప్పా అని వాదించుకున్నారు. నేను ఆ నాటిక రాసిందే ఆ వాదన కోసం.

చట్టం కూడా మీ వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం రచన తనదని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు రచయితకు ఉన్నాయి. హక్కులు వేరేవాళ్లకు రాసిచ్చినా ఇవి పోవు. అయితే చట్టం దాకా వెళ్లే ముందు ఇంటికెళ్లి మాట్లాడండి. మన సమాజాల్లో ఎక్కువ గొడవలు ఒక సాయంత్రం కూర్చుంటే తీరిపోతాయి.

నా పేరు పాంప్లెట్‌లో వేయలేదు. అడగడం బాగుంటుందా?

అడగండి. రచయిత పేరు వేయడం మర్యాద కోసం చేసే పని కాదు, అది మీ హక్కు. ప్రింటింగ్‌కు వెళ్లే ముందే ప్రూఫ్ చూపించమని అడిగితే ఆ పరిస్థితే రాదు. వేదిక మీద ప్రకటన చదివేవాళ్లకు కూడా చీటీ మీద పేరు రాసి ఇవ్వండి.

డబ్బులు వస్తాయా?

చాలా తక్కువ. సమాజం ఖర్చులు చూడండి: వ్యాను, సెట్టు, లైట్లు, సంగీతం, మేకప్, నటీమణుల పారితోషికం, అందరి భోజనాలు. పరిషత్తు ఇచ్చే ప్రదర్శన పారితోషికం వీటికే సరిపోదు. చాలామంది సమాజం పెద్దలు జీతంలోంచి పెట్టుకుంటారు. ఉత్తమ రచన బహుమతి వస్తే అది రచయితదే, దాన్ని సమాజం ఖర్చులో కలపనివ్వకండి.

అలాగని ఏమీ అడగకుండా ఉండకండి. రానూపోనూ చార్జీలు, ఫొటోలు, ఒక వీడియో కాపీ, ప్రతి ప్రదర్శనకూ ముందు ఒక ఫోన్ కాల్, ఇవి ఏ సమాజమైనా ఇవ్వగలదు. టికెట్ పెట్టి ఆడినా, ఒక సంస్థ స్పాన్సర్ చేసి ఆడించినా రచయితకు పారితోషికం అడగాల్సిందే. లైటింగ్ అతనికి ఇస్తున్నారు, మేకప్ ఆయనకు ఇస్తున్నారు. రాసినవాళ్లకు శాలువాతో సరిపెట్టడం అలవాటైపోయింది. ఇది మారాలి, అడిగితేనే మారుతుంది.

అడగకుండా నా నాటిక ఆడేశారు. కేసు వేయచ్చా?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఔత్సాహిక క్లబ్బు లేదా సంఘం, డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు నాటక రచనను ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కిందకు రాదు. మతసంస్థ సహాయార్థం ఆడినా అంతే. అంటే మీ కాలనీలో వినాయక చవితి పందిట్లో ఉచితంగా ఆడితే రాయల్టీ కట్టమని చట్టం పేరుతో నిలదీయలేరు. కానీ మతసంస్థ కోసం కాకుండా టికెట్ పెడితే ఆ మినహాయింపు వర్తించదు. ఉచితంగా ఆడినా మీ పేరు తీసేయడానికి, వక్రీకరించడానికి వీల్లేదు. పెద్ద మొత్తం చిక్కుకున్న వ్యవహారమైతే లాయరును కలవండి.

కాపీరైట్ రావడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్టర్ చేయించుకుంటే రుజువుగా పనికొస్తుంది. నాటక రచనకు రుసుము 500 రూపాయలు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

యూట్యూబ్‌లో పెట్టేశారు. అది కూడా ఉచితమే కదా?

కాదు. ఆ మినహాయింపు ప్రదర్శనకే. రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టడానికి మీ అనుమతి కావాలి. నేనైతే సీజన్ నడుస్తుండగా పెట్టనివ్వను. తర్వాతి ఊరి ప్రేక్షకులు ఫోన్లో ముందే చూసేస్తారు, వేదిక కోసం రాసిన మౌనాలు చిన్న స్క్రీన్ మీద లోపాల్లా కనపడతాయి. సీజన్ అయ్యాక పెడితే మంచే జరుగుతుంది. మనకు పరిచయం లేని సమాజాలవాళ్లు అది చూసే ఫోన్ చేస్తారు.

సమాజంతో అగ్రిమెంట్ రాసుకోవాలా? మనవాళ్లే కదా?

మనవాళ్లు కాబట్టే రాసుకోవాలి. ఒక పేజీ చాలు. నాటిక పేరు, రచయిత పేరు, సమాజం పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆడవచ్చు, ఏ ప్రాంతంలో ఆడవచ్చు, మార్పులకు ఎవరు ఒప్పుకోవాలి, వీడియో హక్కు ఎవరిది, రచయితకు ఏమిస్తారు, అంతే. ఇద్దరి సంతకాలు. కాలపరిమితి రాయకుండా హక్కు రాసిస్తే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశమంతా అనుకుంటుంది. ఒక సీజన్ కోసం ఇచ్చిన నాటిక అయిదేళ్లు కట్టుబడిపోవడం మీకు ఇష్టమేనా అని ఆలోచించి తేదీ వేయండి. "ప్రదర్శన హక్కు మాత్రమే ఇస్తున్నాను, మిగతా హక్కులన్నీ రచయితవే" అన్న వాక్యం మరిచిపోకండి.

మంచి కథ ఒకటి చదివాను. నాటికగా రాయచ్చా?

పరిషత్తుల్లో ఇది బాగా నడుస్తోంది. మూలకథ ఒకరిది, నాటకీకరణ ఇంకొకరిది. నాకూ ఇష్టమే. కానీ పేరు వేస్తే సరిపోదు, కథారచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. రచయిత చనిపోయినా ఆ తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు వారసులకు ఉంటుంది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1980లో కన్నుమూశారు. కాబట్టి ఆయన కథల మీద హక్కులు 2040 చివరిదాకా ఉన్నాయి. పాతవాళ్లే కదా అని తీసుకోవడానికి లేదు. ఉత్తరం రాసి అడిగితే రచయితల కుటుంబాలు సంతోషంగా ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు.

ఏ విషయం మీద రాస్తే పరిషత్తులో ఆడిస్తారు?

ఈ ప్రశ్న ఇలా అడగడమే నాకు నచ్చదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. పరిషత్తు పోటీల వల్ల మనకు ఎంతోమంది రచయితలు, నటులు దొరికారు. మంచి జరిగింది. కానీ పోటీని చూసి రాయడం మొదలైతే అందరి నాటికలూ ఒకేలా తయారవుతాయి. అమెరికా కొడుకు, వృద్ధాశ్రమంలో తల్లి, చివర్లో ఒక ఉత్తరం. ఈ కథ అబద్ధం కాదు, మన ఊళ్లలో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ ఒకే సాయంత్రం మూడుసార్లు చూస్తే ఆ తల్లి బాధ కూడా మనకు తాకడం మానేస్తుంది. అది ఆ తల్లికి అన్యాయం.

మన చుట్టూ చూడండి. గుంటూరు మిర్చి యార్డులో రేటు కోసం ఎదురుచూస్తూ టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, పడుకున్న రైతు ఉన్నాడు. తుళ్లూరు వైపు భూములు రాజధాని కోసం సమీకరణలో పోయాక పని లేకుండాపోయిన కూలీ కుటుంబం ఉంది. భూమి ఉన్నవాళ్ల కథ అందరూ చెప్పారు, భూమి లేనివాళ్ల కథ ఎవరో ఒకరు రాయాలి. ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పే కుర్రాడున్నాడు. కొత్త అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాపురముంటున్న వాచ్‌మన్ భార్య ఉంది. వీళ్ల దగ్గర కూర్చుని వినండి. వాళ్ల మాటల్లోనే సగం నాటిక ఉంటుంది. తెలిసిన మనుషుల గురించి నిజాయితీగా రాస్తే దర్శకులు వెతుక్కుంటూ వస్తారు, కాస్త ఆలస్యమవుతుంది అంతే.

హాస్యనాటిక రాస్తే తక్కువగా చూస్తారా?

చూసేవాళ్లున్నారు, పట్టించుకోకండి. బెజవాడలో హాస్యనాటికలకు ప్రత్యేకంగా పోటీలు జరుగుతాయి, హాలు నిండుతుంది. నవ్వించడానికి కావాల్సిన టైమింగ్ మీరు స్క్రిప్టులోనే ఇవ్వాలి. మనిషి రంగును, లావును, కులాన్ని, నత్తిని పట్టుకుని నవ్వించడం మాత్రం మానేద్దాం.

స్క్రూటినీలో, అంటే పోటీకి నాటికల్ని ఎంపిక చేసే దశలో, పోయింది. నాటిక బాగాలేదనా?

అలా అనుకోనక్కర్లేదు. స్క్రూటినీ నాటికి నటులకు మాటలు వచ్చి ఉండకపోవచ్చు, అదే రకం కథలు మరో రెండు వచ్చి ఉండొచ్చు. ఎంపిక చేసినవాళ్లను మర్యాదగా కారణం అడగండి. చాలామంది చెబుతారు. వాళ్లు చెప్పింది నచ్చకపోయినా రాసిపెట్టుకోండి. సమాజంవాళ్లను మాత్రం వదిలిపెట్టకండి. ఆ రాత్రి వాళ్లకు మీకన్నా ఎక్కువ బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు నెలల తరబడి నిద్ర మానుకున్నారు.

నంది నాటకోత్సవాలకు నేను నేరుగా పంపచ్చా?

ఎంట్రీ సమాజం పేరుమీదే వెళుతుంది. రాష్ట్ర ప్రభుత్వం జరిపే నంది నాటకోత్సవాలు 1998లో మొదలయ్యాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక అని విభాగాలున్నాయి. 2023 డిసెంబరులో మన గుంటూరులోనే, వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నిబంధనలు మొత్తం చదివి, స్క్రిప్టు కాపీలు, మీ అంగీకార పత్రం సిద్ధంగా ఉంచితే సమాజానికి ఆఖరి నిమిషం పరుగులు తప్పుతాయి. కాలేజీల్లో పనిచేసేవాళ్లు బాలల నాటికల వైపు, విద్యార్థుల వైపు కూడా చూడండి. అక్కడ కొత్త స్క్రిప్టుల కరువు చాలా ఉంది.

పోలీసు పర్మిషన్ ఎవరు చూసుకోవాలి?

నిర్వాహకులు. ఆరుబయట ఆడేటప్పుడు మైకుకు అనుమతి కావాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్ల మీద నిషేధం ఉంది. అందుకే మూడో నాటికగా పడితే ఆలస్యం కాకుండా చూడమని నిర్వాహకులను ముందే అడగాలి. బ్రిటిష్‌వాళ్లు నాటకాలను అణచడానికి 1876లో తెచ్చిన చట్టాన్ని 2018లో రద్దు చేశారు. ఆ చట్టం అన్నేళ్లు పుస్తకాల్లో ఉండటం ఆశ్చర్యమే.

రేడియోకు ఇవ్వచ్చా?

తప్పకుండా. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, తెలుగు రేడియో నాటకానికి అది పెట్టింది పేరు. కానీ వేదిక స్క్రిప్టును ఉన్నదున్నట్టు పంపకండి. నా బురద గీత రేడియోలో ఎవరికీ కనపడదు. కనిపించేదంతా చప్పుడుగానో, మాటగానో మార్చి, నిడివి వాళ్లు అడిగినంతకు తగ్గించి మళ్లీ రాయాలి.

సీజన్ అయిపోయాక నా నాటికను ఎవరూ అడగడం లేదు. ఇంతేనా?

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే ప్రశ్న ఇది. పరిషత్తులు కొత్త నాటికలు కోరతాయి, సమాజాలు ప్రతి ఏడూ కొత్తవి వెతుక్కుంటాయి. నిన్నటి మంచి నాటిక నటుల ఇళ్లలో జిరాక్సు కాగితాలుగా మిగిలిపోతుంది. సెట్టు విరిచి వేరే నాటికకు వాడతారు. రెండేళ్లకు అసలు స్క్రిప్టు ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. ఎన్ని మంచి నాటికలు ఇలా పోయాయో.

దీన్ని మనం ఆపగలం. చివరి ప్రదర్శన అయిన నెలలోపే రిహార్సల్స్‌లో వచ్చిన మార్పులన్నీ కలిపి తుది ప్రతి తయారుచేయండి. సెట్టు స్కెచ్, లైట్లు, సంగీతం ఎక్కడెక్కడ వచ్చాయో రాయండి. మొదట ఆడిన నటీనటులు, దర్శకుడు, సాంకేతిక నిపుణుల పేర్లు తప్పకుండా చేర్చండి. నలుగురు రచయితలు కలిసి ఒక సంపుటి అచ్చు వేసుకోండి, ఖర్చు పంచుకుంటే భారం కాదు. కాపీలు శాఖా గ్రంథాలయాలకు, కాలేజీలకు ఇవ్వండి. తెలుగు లెక్చరర్లను కలవండి. ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతినాడు, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటాం. ఆరోజు కాలేజీల్లో పాత నాటిక ఒకటి ఆడించండి, కనీసం చదివించండి. చదవడానికి సెట్టు అక్కర్లేదు, నాలుగు కుర్చీలు చాలు.

మొదటి ప్రదర్శన రోజు రచయిత ఎక్కడుండాలి?

ప్రేక్షకుల్లో, వెనకనుంచి మూడో నాలుగో వరసలో. వింగ్‌లో, అంటే వేదిక పక్క తెరల వెనక, నిలబడకండి, నటులకు అడ్డం. స్క్రిప్టు రెండు కాపీలు సంచిలో ఉంచుకోండి. న్యాయనిర్ణేతలతో నాటికకు ముందు మాట్లాడకండి. అయ్యాక మేకప్ తీసే గదికి వెళ్లి ఒక్కొక్కరికీ పేరుపెట్టి కృతజ్ఞత చెప్పండి, లైటు పట్టినవాళ్లకూ, సెట్టు మోసినవాళ్లకూ. లోపాలు ఆ రాత్రి మాట్లాడకండి.

మా కాలేజీలో మీ నాటిక వేసుకోవచ్చా?

వేసుకోండి. విద్యార్థులు ఉచితంగా ఆడితే నాకేమీ ఇవ్వక్కర్లేదు. నా పేరు వేయండి, ముగింపు మార్చకండి, ఏమైనా మార్చాలనిపిస్తే ముందు ఫోన్ చేయండి. తేదీ వారం ముందు చెబితే రిహార్సల్‌కు ఒకరోజు నేనే వస్తాను.